సైకాలజిస్టు దగ్గరికి వెళ్లి ఏమీ చెప్పకుండా తిరిగి రావడం ఎలా?

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, తెల్లారేదాకా ఫ్యాను వంక చూస్తూ పడుకోవడం మీకు అలవాటై చాలా రోజులైంది. ఆదివారం సాయంత్రమయ్యేసరికి ఛాతీలో ఏదో పట్టేస్తుంది. గుండె డాక్టరు ఈసీజీ తీశాడు, ఎకో తీశాడు, గుండె నిక్షేపంలా ఉందన్నాడు. చీటీ మీద ఓ సైకాలజిస్టు పేరు రాసి, ఓసారి కలిసి రండి అని కూడా అన్నాడు. ఆ చీటీని మడిచి పర్సులో ఆధార్ కార్డు వెనక దాచినవారి కోసమే ఈ సూచనలు. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే డబ్బు ఖర్చవుతుంది, శనివారాలు ఖర్చవుతాయి, ఛాతీలో పట్టేసింది మాత్రం చెక్కుచెదరదు. పైగా "మేమూ వెళ్లాం, చూశాం, అదంతా ఉత్తిదే" అని జీవితాంతం చెప్పుకునే హక్కు దక్కుతుంది.

ముందుగా వాయిదా వెయ్యండి. మన పంచాంగం ఇందుకు బాగా అనుకూలం. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు. శ్రావణంలో పెళ్లిళ్లు, కార్తీకంలో వనభోజనాలు, సంక్రాంతికి ఊరు. ఉగాది నాడు రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత చూసుకుని అప్పుడు ఆలోచించొచ్చు. పంచాంగం మీద నమ్మకం లేనివారికి అప్రైజల్, ప్రాజెక్టు రిలీజు, పిల్లల పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. ఈలోగా ఇంటి వైద్యం నడుస్తుంది. పెళ్లి కానివాళ్లకు పెళ్లి చేస్తే సర్దుకుంటుంది, పెళ్లయినవాళ్లకు ఒక నలుసు పుడితే సర్దుకుంటుంది, నలుసు పుట్టినవాళ్లు శంషాబాద్ వైపు ఓ ప్లాటు కొంటే సర్దుకుంటుంది.

దేశంలో మానసిక సమస్యలున్నవారిలో, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే తేల్చింది. దీనికి కంగారుపడకండి. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. కాబట్టి తెలుగువాళ్లకు ఏ సమస్యా లేదని వాదించడానికి పూర్తి అవకాశం ఉంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఇక తప్పదనుకున్న రోజున మనిషిని ఎంచుకోవడంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. ఇక్కడ పొరపాటున సరైనవాళ్లు తగిలితే ఇంతవరకూ పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ఇద్దరూ ఒకటేనని గట్టిగా నమ్మండి. ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టరు సైకియాట్రిస్టు, మందులు రాసేది ఆయన. సైకాలజిస్టు మందులు రాయరు. మాట్లాడించి, విని, ఆలోచనల్నీ అలవాట్లనీ మీతోనే విప్పించి చూపించడం వారి పని. ఈ తేడా తెలుసుకోకుండా వెళ్తే రెండు చోట్లా నిరాశ చెందే వీలుంటుంది. సైకాలజిస్టు ముందు "ఇంత ఫీజు తీసుకుని ఒక్క టాబ్లెట్టూ రాయలేదేంటి మేడమ్" అని అడగొచ్చు. కిటకిటలాడే ఓపీలో సైకియాట్రిస్టు పది నిమిషాల్లో చీటీ చేతికిస్తే "నేను చెప్పేది విననే లేదు" అని అలగొచ్చు. కొందరికి ఇద్దరూ అవసరమవుతారు. అవసరమనుకుంటే మంచి సైకాలజిస్టు తనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకు రమ్మని కూడా అంటారు. థైరాయిడ్ మందగించినప్పుడు కూడా మనిషి దిగులుగా, నీరసంగా, దేనిమీదా ఆసక్తి లేకుండా అయిపోవచ్చు కాబట్టి అలా అడుగుతారు. అలా పంపితే మీరు చెయ్యాల్సింది ఒక్కటే. "అంతా కమీషన్ల వ్యవహారం" అని పెదవి విరిచి ఇంటికి వచ్చెయ్యడం.

చదువు గురించి అడగడం మర్యాద కాదనుకోండి. ఏసీ మెకానిక్‌ని కూడా "ఇంతకుముందు ఏ కంపెనీలో చేశావు" అని ఆరా తీసే మనం, మనసు విప్పి చూపించబోయే మనిషిని ఏమీ అడగం. ఇది మన సంస్కారం, దీన్ని కాపాడుకోవాలి. ఎందుకంటే అడిగితే తెలిసిపోతుంది. తనను క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారి పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో ఉండాలి. 1992 నాటి చట్టం కింద వచ్చిన సంస్థ అది. మామూలుగా సైకాలజీలో పీజీ తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్. చేసినవారికి ఆ రిజిస్ట్రేషన్ ఇస్తారు, దానికో సీఆర్‌ఆర్ నంబరు ఉంటుంది, ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. కౌన్సెలింగ్ సైకాలజిస్టుల్లో చాలామందికి ఈ నంబరు ఉండదు. అంతమాత్రాన వాళ్లు పనికిరానివాళ్లని కాదు, పీజీ చేసి, పెద్దవాళ్ల పర్యవేక్షణలో ఏళ్లపాటు పనిచేసినవాళ్లు వారిలో బోలెడంతమంది. వారిని అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఎక్కడ చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, నాలాంటి ఇబ్బందితో వచ్చినవారిని చూశారా, చిక్కు కేసు వస్తే ఎవరిని సంప్రదిస్తారు? ఇలా అడిగితే మంచివాళ్లు ఏమాత్రం నొచ్చుకోకుండా జవాబు చెబుతారు. నొచ్చుకునేవాళ్లెవరో కూడా అక్కడికక్కడే తేలిపోతుంది. అందుకే అడక్కండి.

వీటన్నిటికీ బదులు, మూడు సెషన్లలో గ్యారంటీ అన్నవారిని నమ్మండి. డిప్రెషన్ నుంచి ఐఏఎస్ ర్యాంకు దాకా, సంతానం దగ్గర్నుంచి షేర్ మార్కెట్ దాకా అన్నిటికీ ఒకే హిప్నాటిజం చాలన్న బోర్డు కనిపిస్తే బండి ఆపండి. రోజుకు మూడు రీల్స్ పెట్టేవారిని ఎంచుకోండి. మీ కథ పేరు మార్చి నాలుగో రీల్‌లో వచ్చే అదృష్టం కూడా ఉంటుంది.

ఇవేవీ దొరక్కపోతే బంధువుల్లోనే వెతకండి. మేనత్త కూతురు దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చేసింది, ఫీజు కూడా తీసుకోదు. సొంత మనుషులను చూడటం వృత్తి ధర్మం కాదని చదువుకున్న సైకాలజిస్టు ఒప్పుకోరు గానీ, మన వదిన ఒప్పుకుంటుంది. మీరు బుధవారం చెప్పుకున్న విషయం ఆదివారం గృహప్రవేశంలో పులిహోర వడ్డిస్తున్నప్పుడు మీ చెవినే పడుతుంది.

ఫోనులో, ఫీజు దగ్గర

ఫోను చెయ్యకండి, వాట్సాప్‌లో "హాయ్ మేడమ్ చార్జెస్?" అని పెట్టండి. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు, ఏ భాషలో మాట్లాడతారో రాయొద్దు, సాయంత్రాలు కుదురుతుందా శనివారాలా చెప్పొద్దు. జవాబులో ఫీజు రాగానే రెండు నీలం టిక్కులు కనబడేలా చదివి, ఊరుకోండి. భాష సంగతి ముఖ్యంగా దాచండి. ఏడుపు తెలుగులో వచ్చే మనిషి ఇంగ్లిష్‌లో కూర్చుంటే ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇస్తున్న గొంతు దానంతట అదే వచ్చేస్తుంది. "ఐ యామ్ ఫీలింగ్ ఎ బిట్ లో" దగ్గర బండి ఆగిపోతుంది. మా నాన్న నన్ను నలుగురిలో అలా అన్నాడండీ అనే వాక్యం బయటికే రాదు. మనకు కావలసింది కూడా అదే.

హైదరాబాద్‌లో ప్రైవేటు సెషన్‌కు వెయ్యి దగ్గర మొదలై మూడు వేలు, ఆ పైన కూడా తీసుకునేవారున్నారు. సెషన్ ముప్పావుగంట నుంచి గంట. ఆ ఫీజు ఒక్కసారిది. నెలకు నాలుగు అనుకుంటే మీ ఇంటి లెక్కలో అదొక ఈఎంఐ. కాబట్టి మొదట్లోనే ఎన్నాళ్లు పట్టొచ్చు, వారానికొకసారా పదిహేను రోజులకొకసారా, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, చెప్పకపోతే ఫీజు పోతుందా, ఇబ్బంది ఉన్నవారికి తగ్గిస్తారా అని అడిగేస్తే అంతా తేటతెల్లమైపోతుంది. అడక్కుండా ఉంటేనే మజా. సాయంత్రం ఆరింటి సెషన్‌కు ఐదున్నరకు "ట్రాఫిక్ మేడమ్" అని మెసేజ్ పెట్టి, ఫీజు కోసేసరికి "వీళ్లకు డబ్బే ముఖ్యం" అని నిరూపించుకోవచ్చు. ఫీజు తగ్గించమని మర్యాదగా అడిగితే సర్దుబాటు చేసేవారు ఉన్నారు. అడగడానికి నామోషీ పడి, రెండో సెషన్‌కే మానేసి, ఆ నెల బిర్యానీలకు అంతకంటే ఎక్కువ పెట్టడం మన పద్ధతి.

ఇన్సూరెన్స్ విషయంలో రెండు దారులున్నాయి, ఏదైనా ఎంచుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక అనారోగ్యానికీ బీమా ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. ఈ ఒక్క ముక్క విని, పాలసీ కాగితం తిప్పకుండా, బిల్లులన్నీ పోగేసి పంపడం మొదటి దారి. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, వారం వారం వెళ్లే సెషన్లకు ఓపీ కవర్ విడిగా ఉండాలి. అది తిరస్కరణ ఉత్తరం వచ్చాక తెలుస్తుంది. రెండో దారి, ఇన్సూరెన్స్ రాదట కదా అని అసలే వెళ్లకపోవడం.

ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో అయ్యే చోట్లున్నాయని ఎవరైనా అంటే చెవులు మూసుకోండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. కానీ చిన్నప్పుడు బడిలో ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడిన ఊరిపేర్లు కదా అవి, అక్కడి ఓపీలో ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే? ఆ తెలిసినవాళ్లు అక్కడ ఏం చేస్తున్నారన్న అనుమానం మాత్రం మనకు రాకూడదు.

మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులకు ఇంకో వసతి ఉంది. పెద్ద ఐటీ కంపెనీల్లో చాలావరకు బయటి సంస్థల ద్వారా కొన్ని ఉచిత సెషన్లు ఇప్పిస్తాయి. ఎవరు వచ్చారో, ఏం మాట్లాడారో కంపెనీకి చెప్పరని నియమాల్లో రాసే ఉంటుంది. దాన్ని చదవకుండా "హెచ్ఆర్‌కి తెలిసిపోతుంది" అని భయపడండి. ఆ తర్వాత అదే బాధను టీమ్ లంచ్‌లో మేనేజర్ పక్కనే కూర్చుని చెప్పుకోండి.

వెంట ఎవరిని తీసుకెళ్లాలి

ఒంటరిగా వెళ్లడం చాలా ప్రమాదం, మాట్లాడేసే అవకాశముంది. అందుకని అమ్మను తీసుకెళ్లండి.

రిసెప్షన్‌లో ఫారం ఇస్తారు. మీరు పెన్ను వెతుక్కునేలోపు అమ్మ దాన్ని అందుకుని, చేతిసంచిలోంచి కళ్లజోడు తీస్తుంది. "ప్రస్తుత ఇబ్బంది" అన్నచోట కాసేపు ఆలోచించి "జనరల్" అని రాస్తుంది. "ఇంతకుముందు మానసిక వైద్యం" అన్నచోట పొడవాటి అడ్డగీత. "కుటుంబంలో ఎవరికైనా" అన్న గడి దగ్గర ఆవిడ పెన్ను ఆగుతుంది. చిన్న మావయ్య గుర్తొచ్చి ఉంటాడు, ఆయన సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అటూ ఇటూ చూసి అక్కడా ఓ గీత గీసేస్తుంది. లోపలికి పిలిచాక సైకాలజిస్టు మీ వంక చూసి "చెప్పండి, ఎలా ఉన్నారు?" అంటారు. 

"వాడికేం లేదు మేడమ్, నిద్ర కొంచెం తక్కువ. ఫోనెక్కువ. రాత్రిళ్లు పెరుగన్నం తినమంటే తినడు."

"వారిని చెప్పనివ్వండి అమ్మా."

"చెప్పు నాన్నా, ఏమీ లేదని చెప్పు."

ఇరవై ఎనిమిదేళ్ల మీరు ఏమీ లేదని చెబుతారు. సైకాలజిస్టు అమ్మను కాసేపు బయట కూర్చోమంటారు. పెద్దవాళ్లయిన క్లయింట్లతో విడిగా మాట్లాడటం వారికి మామూలు, పద్ధతి కూడా అదే. అప్పుడు అమ్మ "నా దగ్గర దాచేవేముంటాయి మేడమ్ వీడికి" అని కుర్చీలో ఇంకాస్త గట్టిగా సర్దుకుంటుంది. ఈ ఘట్టం చక్కగా పండాలంటే మీరు నేల చూపులు చూస్తూ ఉండాలి. అమ్మా, కాసేపు బయట ఉండు అనే నాలుగు మాటలు నోట రానివ్వకండి.

వివాహితలకు ఈ పాత్ర భర్త పోషిస్తాడు. ఫీజు ఆయన ఫోన్‌పే నుంచే వెళ్లేలా, అపాయింట్‌మెంట్ మెసేజ్‌లు ఆయన నంబరుకే వచ్చేలా చూసుకుంటే, వారం వారం కారులో తిరిగి వచ్చేటప్పుడు "ఏమన్నావు? నా గురించి ఏమన్నా అడిగిందా?" అన్న రెండో సెషన్ ఉచితంగా దొరుకుతుంది. ఆలుమగలిద్దరూ కలిసి కూర్చునే సెషన్లు వేరే ఉంటాయి, వాటి ఒప్పందం వేరు. ఆ రెంటినీ కలిపేస్తేనే తమాషా.

చెప్పింది బయటికి పొక్కుతుందేమోనన్న భయం ఉందా? దాన్ని జాగ్రత్తగా పెంచి పోషించండి, పోగొట్టుకునే మార్గం మాత్రం వెతక్కండి. పైన చెప్పిన 2017 చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవారి బాధ్యత. మినహాయింపులు కొన్నే. మీ ప్రాణానికో ఇంకొకరికో ముప్పు ఉన్నప్పుడు, పైకోర్టుల ఆదేశం ఉన్నప్పుడు, అలాంటివి. పిల్లల మీద లైంగిక దాడి గురించి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. మంచి సైకాలజిస్టు ఇవన్నీ మొదటి రోజే వివరించి, అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటారు. ఆ పత్రాన్ని చదవకుండా, యాప్ షరతులకు ఓకే కొట్టినంత వేగంగా సంతకం పెట్టెయ్యండి. చదివితే "నోట్స్ ఎక్కడ దాస్తారు? రికార్డు చేస్తారా?" అన్న ప్రశ్నలు పుడతాయి.

మొదటి సెషన్

పెళ్లిచూపులకు వెళ్లినట్టు వెళ్లండి. ఇస్త్రీ చొక్కా, నవ్వు ముఖం, అడిగినదానికి అడిగినంతవరకే జవాబు, ఇంటి గురించి గొప్పలు. నాన్నగారెలాంటివారు అంటే "దేవుడు", అమ్మ అంటే "దేవత", చిన్నతనం అంటే "గోల్డెన్ డేస్". ఇంత బంగారు కుటుంబంలోంచి వచ్చిన మనిషి రాత్రి రెండింటికి ఎందుకు లేస్తున్నాడో సైకాలజిస్టు తల బద్దలు కొట్టుకుని కనిపెట్టాలి, డబ్బు తీసుకుంటోంది అందుకే కదా.

మొదటి సెషన్లో మాట్లాడేది కొంత, అడిగి రాసుకునేది ఎక్కువ. నిద్ర, ఆకలి, పని, ఇల్లు, జబ్బులు, మందులు, మందు. ఈ చివరి రెంటి దగ్గర తెలివి చూపాలి. రోజూ రెండు పెగ్గులుంటే "అకేషనల్లీ" అనండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకుంటున్న నిద్ర మాత్రల ఊసు ఎత్తకండి. ఆ రెండూ కలిస్తే ప్రమాదమని, నిద్ర చెడటానికి ఆ పెగ్గులే కొంత కారణమని చెబుతారేమో, ఎందుకొచ్చిన గొడవ.

పిహెచ్‌క్యూ-9 అని ఒక పేజీ ప్రశ్నలు ఇవ్వొచ్చు. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. ఇంటర్‌లో ఎంసెట్ రాసినవాళ్లం కాబట్టి పేపర్ కనబడగానే మంచి స్కోరు చెయ్యాలని చెయ్యి తహతహలాడుతుంది. అన్నిటికీ సున్నా పెట్టి, ఆరోగ్యంలో స్టేట్ ఫస్ట్ కొట్టండి.

తొమ్మిదో ప్రశ్న దగ్గర మాత్రం నేను వెటకారం పక్కన పెడుతున్నాను. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అది అడుగుతుంది. వస్తుంటే వస్తున్నాయనే రాయండి. నోటితో కూడా చెప్పండి. పోలీసులు వస్తారనో, ఆసుపత్రిలో పడేస్తారనో భయపడి చాలామంది అక్కడ సున్నా చుట్టేస్తారు. అలాంటి ఆలోచన ఉందని చెప్పడం నేరం కాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న వ్యక్తిగానే భావించాలి తప్ప శిక్షించకూడదని అదే 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. సెషన్ వచ్చే శనివారం ఉంది కదా, అప్పటిదాకా ఓర్చుకుందాం అనుకోకండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే పక్కనున్న మనిషిని లేపి దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఈ పేరాలోది మాత్రం తిరగేసి చదువుకోనక్కర్లేదు.

ఇక మళ్లీ మన దారికి వద్దాం. సెషన్ సాగుతున్నంతసేపూ ఆఫీసు రాజకీయాలు, అపార్ట్‌మెంటు అసోసియేషన్, నీళ్ల ట్యాంకరు గురించి చెబుతూ గడపండి. అసలు విషయాన్ని ఆఖరి రెండు నిమిషాలకు దాచుకోండి. సమయమైందని సైకాలజిస్టు గడియారం వంక చూశాక, చెప్పుల స్టాండు దగ్గర ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో చెప్పు వెతుక్కుంటూ "అన్నట్టు మేడమ్, చిన్నప్పుడు మా ఇంట్లో ఒకాయన ఉండేవారు..." అని మొదలుపెట్టి, "సర్లెండి, పెద్ద విషయమేం కాదు" అని వెళ్లిపోండి. వారానికంతా సరిపడా ఇద్దరికీ పని దొరుకుతుంది. నిజానికి ఈ సంగతి సైకాలజిస్టులకు కొత్తేం కాదు, వచ్చేసారి వాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. అందుకే వచ్చేసారి వెళ్లకండి.

ఆన్‌లైన్ అయితే ఇంకా సులువు

డబుల్ బెడ్‌రూం ఫ్లాటులో ఆరుగురున్నప్పుడు సెషన్ హాల్లోనే పెట్టుకోండి. పక్కన మామగారు టీవీలో చర్చా కార్యక్రమం చూస్తుంటారు. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉంటాయి కాబట్టి సైకాలజిస్టు మాటలు ఎవరికీ వినబడవు, మీ మాటలు మాత్రం అందరికీ వినబడతాయి. దాంతో మీరు "ఊఁ", "అవునండి", "అదేనండి" దగ్గరే ఆగిపోతారు. కిందికి దిగి పార్కింగ్‌లో కారులో కూర్చుంటే గంట ఏకాంతం దొరుకుతుందన్న సంగతి కాపురాలు చేస్తున్న చాలామంది ఎప్పుడో కనిపెట్టారు. వాళ్లను చూసి నేర్చుకోకండి. మధ్యమధ్యలో ఇంకో స్క్రీన్ మీద మెయిళ్లు చూస్తుండండి.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు వేరే సూచన. అక్కడ సైకాలజిస్టు లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఆన్‌లైన్‌లో ఎవరు పడితే వారు చూడటం కుదరకపోవచ్చు. అయితే విద్యార్థులకు చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, కట్టిన ఫీజుల్లోనే దాని ఖర్చూ కలిసి ఉంటుంది. దాని తలుపు తట్టకుండా నాలుగు సెమిస్టర్లూ గడిపేసి, రాత్రిళ్లు అమ్మకు వీడియో కాల్ చేసి "అంతా సూపర్" అని చెప్పండి. అమ్మ కూడా ఇక్కడి నుంచి అదే చెబుతుంది.

కొన్నాళ్లయ్యాక

రెండో సెషన్‌కే తేడా తెలియాలని పట్టుబట్టండి. జ్వరం మాత్ర వేసుకుంటే గంటలో తగ్గుతుంది, ఇరవయ్యేళ్ల భయం రెండు గంటల్లో తగ్గదా? సైకియాట్రిస్టు రాసిన మందులు పని మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుందని చెప్పి ఉంటారు. నాలుగో రోజుకే మానెయ్యండి. లేదా ఆరు వారాలు వేసుకుని, బాగనిపించిన మర్నాడే, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానెయ్యండి. ఈ రెండోది మొదటిదానికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది కాబట్టి మా సిఫారసు దానికే.

హోంవర్క్ ఇస్తారు. కోపం వచ్చినప్పుడు ఏం జరిగింది, ఆ క్షణంలో మనసులో ఏమనుకున్నారు, ఒంట్లో ఏమైంది, అని నాలుగు ముక్కలు రాసుకు రమ్మంటారు. సెషన్‌కు వెళ్లే దారిలో, మెట్రోలో నిలబడి, వారం మొత్తానిదీ ఒకేసారి ఊహించి రాసెయ్యండి. రికార్డు బుక్కులు అలాగే రాసి డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లం మనం.

సైకాలజిస్టు పద్ధతి మీకు నచ్చలేదనుకోండి. ఒక మాట గుచ్చుకుంది, లేదా మీరు చెబుతుంటే ఆవిడ వాచీ చూసుకుంది, లేదా మీ కులం గురించో మతం గురించో ఆరా తీసింది. ఆ సంగతి ఆవిడతోనే అనెయ్యొచ్చు, కొన్నిసార్లు అక్కడే అసలు పని మొదలవుతుంది. అన్నా కుదరకపోతే ఇంకొకరి పేరు చెప్పమని అడగొచ్చు, చెబుతారు. మొదట తగిలినవాళ్లతోనే ఏడడుగులు నడవాలని ఎక్కడా లేదు. ఇవన్నీ చెయ్యకుండా నంబరు బ్లాక్ చెయ్యండి. ఊళ్లో ఉన్న మొత్తం సైకాలజిస్టుల మీదా ఒకేసారి నమ్మకం పోగొట్టుకోండి.

ఒకవేళ ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎక్కడో ఏదో పట్టు సడలి, కొంచెం నిద్ర పట్టడం మొదలైందనుకోండి, నేర్చుకున్న నాలుగు మాటలను ఇంట్లో ఆయుధాలుగా వాడండి. అత్తగారు కూర గురించి ఏదో అంటే "మీరు నా బౌండరీస్ దాటుతున్నారు అత్తయ్యా" అనండి. భర్తతో పోట్లాటలో "మా మేడమ్ కూడా నీదే తప్పంది" అనండి. మేడమ్ అలా అని ఉండదు, అనడం ఆవిడ పని కూడా కాదు. ఆయన వెళ్లి అడగబోడు కదా.

చివరగా ఇంటివాళ్లకూ ఒక సూచన. వెళ్లొచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే ఆపి "తగ్గిందా?" అని అడగండి. నవ్వితే "అదిగో, ఏమీ లేదని నేను ముందే చెప్పలా" అనండి, ఏడిస్తే "డబ్బిచ్చి ఏడుపు తెచ్చుకున్నావు" అనండి. మీ ఇంట్లో ఈ మాటలు అందరికంటే గట్టిగా అన్నది పిన్ని అయి ఉంటుంది. ఏదో ఒకరోజు మధ్యాహ్నం, బాబాయి నిద్రపోతున్న వేళ చూసి, ఆవిడే మీకు ఫోన్ చేస్తుంది. ఊరి సంగతులు, ఎండల సంగతులు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయ్యాక గొంతు తగ్గించి "ఆ మేడమ్ నంబరు ఓసారి పెట్టమ్మా, మా పక్కింటావిడకి కావాలిట" అంటుంది. తప్పకుండా పెట్టండి. పిన్నికి విడిగా పంపితే పొరపాటున ఉపయోగపడిపోతుంది, అందుకని యాభై రెండుమంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో, "పిన్నీ, నువ్వడిగిన సైకాలజిస్టు నంబరు" అని పేరు ట్యాగ్ చేసి మరీ పెట్టండి.